సముద్రం పెద్దయ్య

ఆయన పోయారన్న మాట నాకు చేపల ఐసు బండి డ్రైవరు చెప్పాడు. పొద్దున షాపు షట్టరు సగం ఎత్తి లోపలికి వంగుతుంటే వెనక బండి ఆపి, "మస్తానన్నా, మీ సముద్రం పెద్దయ్య తెల్లారుజామున పోయినాడంట. సాయంత్రం నాలుగుకి మట్టి చేస్తారంట. నెల్లూరోళ్ళు గూడా వస్తాండారు, గొడవయ్యేటట్టుండాది. నువ్వు పోబాక" అన్నాడు.

ఎత్తిన షట్టరు మళ్ళీ దించాను.

ఆయన నాకు చుట్టం కాదు. మతం కూడా ఒకటి కాదు, నేను సాయిబుని. అల్లూరు బస్టాండు దగ్గర నాదొక చిన్న టైపు, జిరాక్సు షాపు. పదకొండేళ్ళపాటు ఆయన ఉత్తరాలన్నీ నేనే టైపు చేశాను. మా సంబంధం అంతే. పేరు మాత్రం రాయను. ఆయన ఉన్నప్పుడు కూడా మా వైపు ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు.

మా తీరంలో ఇరవై చిల్లర ఊళ్ళలో ఉన్న ఒక చిన్న క్రైస్తవ సంఘం వాళ్ళది. అన్ని చర్చిల పాస్టర్ల మీదా ఒక పెద్ద ఉంటారు. ఆయన్ని పెద్దయ్యగారు అంటారు. పాత పెద్దయ్యగారు చనిపోయినప్పుడు పాస్టర్లందరూ నెల్లూరులో కూర్చుని కొత్తాయన్ని ఎన్నుకున్నారు. ఎన్నిక జరుగుతున్నంతసేపూ గేటు బయట రెండు లారీల జనం, ఫలానా ఆయన కాకపోతే మిమ్మల్ని ఇల్లు చేరనివ్వమని అరుస్తూనే ఉన్నారట. ఆ ఫలానా ఆయనే గెలిచారు. మూడు నెలలు తిరక్కముందే ఆ పాస్టర్లలో సగానికి పైగా, భయపడి చెయ్యెత్తాం కాబట్టి ఆ ఎన్నిక చెల్లదన్నారు. విడవలూరు దాటి సముద్రం ఒడ్డునున్న ఒక పాలెం చర్చిలో మళ్ళీ కూర్చుని ఈయన్ని ఎన్నుకున్నారు. అప్పట్నుంచి ఒక సంఘానికి ఇద్దరు పెద్దయ్యలు. జనం వాళ్ళని నెల్లూరు పెద్దయ్య, సముద్రం పెద్దయ్య అనేవారు. ఇద్దరూ ఒకరినొకరు వెలివేసుకున్నారు. ఒకరిచ్చిన బాప్తీస్మం ఇంకొకరి లెక్కలో వట్టి నీళ్ళలో మునిగి లేవడమే.

విడవలూరులో కూడా టైపు షాపుంది. కానీ అది నెల్లూరు వైపు వాళ్ళది. అందుకని ఆయన నెలకోసారి రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద షేరు ఆటోలో ఇరుక్కుని అల్లూరు దాకా వచ్చేవారు. మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా, చంకలో నల్ల రెక్సిన్ సంచి. చెప్పులు బయట విప్పేవారు. "ఇదేమన్నా గుడా అయ్యగారూ, లోపలికి వేసుకొచ్చేయండి" అంటే, "రాతపని జరిగే చోటు గదా" అనేవారు. కుర్చీ చూపిస్తే కూర్చునేవారు కాదు. నా భుజం వెనక నిలబడి, స్క్రీను మీద అక్షరం అక్షరం వేలితో చదివేవారు. గాజు మీద ఆ వేలిముద్రలు నేను సాయంత్రం దాకా తుడిచేవాణ్ణి కాదు. తుడిస్తే వెంటనే ఇంకో తప్పు కనిపెట్టి మళ్ళీ పెడతారు.

ఆయన ఉత్తరాల భాష వేరు. "దైవచిత్తమువలన సంఘమునకు పెద్దగా నియమింపబడిన మేము తెలియజేయునదేమనగా" అని మొదలయ్యేవి. అన్ని ఉత్తరాల్లోనూ మేము. నోటితో మాట్లాడేటప్పుడు మాత్రం నేనే. ఒకసారి నవ్వుతూ అడిగాను, ఈ మేములో ఎంతమంది ఉండారయ్యా అని. ఆయన నవ్వలేదు. "నేను పోయినాక వొచ్చేవోళ్ళు, నాకు ముందు పోయినోళ్ళు. అందరూ ఉండారు" అన్నారు.

మొదట్లో ప్రతి ఉత్తరానికీ పదకొండు కాపీలు తీయించేవారు. పదకొండు చర్చిలు ఆయన మాట వినేవి.

రెండో ఏడు అనుకుంటా, ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చి షాపు ముందు ఆపారు. ఒకడు లోపలికొచ్చి ప్రింటరు మీద చెయ్యేసి నిలబడ్డాడు. "ఆయనకి టైపు చేయబాకన్నా. మా పెళ్ళి కార్డులన్నీ నీకే ఇస్తాండాం గదా. గమ్మున ఉండు" అన్నాడు. గొంతు పెంచలేదు. పోయేటప్పుడు ప్రింటరు తీగ లాగి, దాన్ని చుట్టి, బల్ల మీద పెట్టి పోయాడు.

తర్వాత ఆయన వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాను. చెప్పడమంటే, మీరు ఇంకో షాపు చూసుకోండి అని అనకుండా అన్నాను. ఆయనకు అర్థమైంది. "అయితే చేత్తో రాసుకుంటాలే మస్తానూ. నాకు రాత అలవాటే" అని బల్ల మీద కాగితాలు సర్దుకోసాగారు. ఒక్కో కాగితం అంచు ఒక్కో కాగితం అంచుతో కలిపి, తొందర లేకుండా. ఆ సర్దడం చూడలేక చేతిలోంచి లాక్కున్నాను. ఆయన థాంక్స్ చెప్పలేదు. నా వెనక నిలబడి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నెల్లూరు వైపు పెళ్ళి కార్డు ఒక్కటీ నాకు రాలేదు.

మొండిమనిషి. అందులో సందేహం లేదు. అయితే ఆ మొండితనం వెనక ఏముందో నేను దగ్గరగా చూసింది రెండు మూడు సార్లే.

పాలెంలో మేరమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల పెళ్ళి ఈయనే చేశారు. మొగుడిది పక్క మండలం. పెళ్ళినాటికి వాళ్ళ ఊరి చర్చి ఈయన వైపే ఉంది, తర్వాత నెల్లూరు వైపు తిరిగింది. తిరగ్గానే అత్తమామలు, ఆయన చేసిన పెళ్ళి పెళ్ళే కాదు, మా పెద్దయ్య చేతి మీద మళ్ళీ చేసుకుంటేనే ఇంట్లోకి రానిస్తామన్నారు. చట్టం సంగతి వేరు. ఆ ఊళ్ళలో చట్టాన్ని అడిగేదెవరు? ఆరు నెలల బిడ్డనెత్తుకుని మేరమ్మ పుట్టింటికి వచ్చేసింది. ఒకరోజు ఆయనతో పాటు మా షాపుకి కూడా వచ్చింది. అత్తగారికి ఆయన ఉత్తరం రాయిస్తున్నారు.

సగం టైపు అయ్యాక ఆయన ఉన్నట్టుండి ఆగిపోయి ఆ పిల్లకేసి తిరిగారు. "పోనీ ఆళ్ళు చెప్పినట్టే మళ్ళీ చేసుకుంటావా అమ్మా? నేనేం అనుకోను" అన్నారు.

ఆ పిల్ల బిడ్డని భుజం మార్చుకుంది. "మళ్ళీ చేసుకుంటే ముందుది కానట్టేగా అయ్యగారూ. అప్పుడు వీడు ఏమవతాడు?"

ఆయన మళ్ళీ స్క్రీను మీద వేలు పెట్టారు. నాకేసి తిరిగి, "యాడిదాకా వచ్చినాం?" అన్నారు.

ఆ ఏడే రెండు వైపులా పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు. ఇద్దరు పెద్దయ్యలూ రాజీనామా చెయ్యాలి, మూడో మనిషిని ఎన్నుకోవాలి, ఇద్దరూ సంతకం పెడితేనే కాగితం చెల్లుతుంది. నెల్లూరులో ఒక కల్యాణమండపం మాట్లాడారు. రెండు వైపులా నమ్మే టైపిస్టు కావాలంటే సాయిబే దిక్కని నన్ను ల్యాప్‌టాప్, ప్రింటరుతో సహా తీసుకుపోయారు. పెళ్ళికూతురిని కూర్చోబెట్టే వేదిక మీద నన్ను కూర్చోబెట్టారు. కింద రెండు వందల మంది. ఫ్యాన్లు తిరుగుతున్నా అందరి చొక్కాలూ వీపులకి అంటుకుని ఉన్నాయి.

షరతులు ఒక్కొక్కటే చెబుతుంటే టైపు చేశాను. తొమ్మిదోది చెప్పినప్పుడు నా వేళ్ళు ఆగాయి. పాలెం ఎన్నిక తర్వాత సముద్రం వైపు జరిగిన బాప్తీస్మాలు, పెళ్ళిళ్ళు చెల్లవు, కొత్త పెద్దయ్య చేతి మీద మళ్ళీ జరిపించుకోవాలి. "కొట్టవయ్యా, ఏం ఆలోచిస్తాండావు" అన్నారెవరో. కొట్టాను.

నెల్లూరు పెద్దయ్య ముందు వచ్చారు. బక్కపలచని మనిషి. చదవనైనా చదవకుండా సంతకం పెట్టి, పోయి తన కుర్చీలో కూర్చున్నారు. జనం గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

ఈయన వేలు పెట్టి చదివారు. తొమ్మిదో లైను దగ్గర వేలు ఆగింది.

"ఈ లైను తీసెయ్యండి. సంతకం పెడతా."

రాజీకి పెద్దగా కూర్చున్నాయన రిటైరైన హెడ్మాస్టరు. ఓపికగానే చెప్పాడు. "అది తీస్తే ఈళ్ళు ఒప్పుకోరయ్యా. ఆ ఒక్కదానికే ఇంత దూరం దిగొచ్చినారు. మళ్ళీ చేయించుకుంటే పోయేదేముంది? మనిషికి అరగంట పని."

"మళ్ళీ చేసినారంటే ముందుది జరగనట్టే గదా."

"ఎంతమంది ఉంటారు అట్టాంటోళ్ళు? వాళ్ళ కోసం ఇన్ని ఊళ్ళు చీల్చి పెడతారా?"

ఇప్పుడు మేరమ్మ సంగతి చెబుతారని ఎదురుచూశాను. చెబితే ఆ హాల్లో ఆడపిల్లల తండ్రులున్నారు, కొందరన్నా కరిగేవారు. ఆయన చెప్పలేదు. పెన్ను మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా ఉంచి, వేదిక దిగారు.

అప్పుడు లేచింది హాలు. కుర్చీలు పడ్డాయి. "కుర్చీ పిచ్చోడు" అన్న మాట నాలుగు మూలల నుంచీ వినిపించింది. ఎవరో తలుపులు మూసి గడియ పెట్టారు. ఆయన పోయి ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డారు. తియ్యమని అడగలేదు, వెనక్కి తిరగలేదు. ఒక కుర్రాడు ఆయన గుండెల మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. తోయడం లేదు, తీయడం లేదు. మా షాపులో తీగ చుట్టి పెట్టినవాడే అతను. పావుగంటో, ఇంకాస్త ఎక్కువో అట్లాగే గడిచింది. నేను ప్రింటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఏదన్నా విసిరితే అడ్డం పెట్టుకోవచ్చని.

"ఆయన్ని పోనీండి."

ఆ మాటన్నది నెల్లూరు పెద్దయ్య. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. తలుపు తీశారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఇద్దరమే. కొంత దూరం పోయాక అడిగాను. "మేరమ్మ సంగతి ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే రేపట్నించి ఆ పిల్లని చూపించి, దీని వల్లనే సంఘం చీలింది అంటారు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీలే."

ఇంకో రెండు ఊళ్ళు దాటాక ఆయనే అన్నారు. "అదొక్కటే అని నువ్వు అనుకోబాక మస్తానూ. ఆ లైను లేకపోయినా సంతకం పెట్టేవోణ్ణో లేదో నాకే తెలవదు."

ఈయన సంతకం పెట్టలేదు కాబట్టి నెల్లూరు పెద్దయ్య రాజీనామా చించేశారు. ఆయన పదవి ఆయనకే ఉండిపోయింది, పైగా వదులుకోవడానికి సిద్ధపడ్డాడన్న మంచిపేరు కూడా దక్కింది. ఈయనకు మిగిలింది చెడ్డపేరు. మరుసటి నెల పదకొండు కాపీలు ఏడయ్యాయి. ఆ తర్వాత నాలుగు. ఎవరు వదిలిపోయారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "ఈసారి నాలుగు చాలు" అనేవారంతే, ఆకుకూర కట్టలు చెప్పినట్టు. చివరికి పాలెం చర్చి, దాని పక్కనున్న ఇంకో చిన్న పాలెం, ఇద్దరు పాస్టర్లు మిగిలారు. భార్య ఎప్పుడో పోయింది. చర్చి వెనక గదిలో ఒక్కరే ఉండేవారు. అయినా నెల తప్పకుండా వచ్చేవారు. ఉత్తరాలు అట్లాగే మొదలయ్యేవి. ఇరవై చిల్లర ఊళ్ళకీ ఆజ్ఞాపించేవారు, ఇద్దరు చదివేవారు.

మేరమ్మ మొగుడు మాత్రం ఏడాది తిరక్కముందే అమ్మానాన్నలని వదిలి పాలెం వచ్చేశాడు. పడవ మీద పనికి కుదిరాడు. అతని తల్లిదండ్రులు గుమ్మం తొక్కలేదు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆటోలు లేవు. ఆయన షాపు గడప దగ్గర నిలబడి వానని చూస్తున్నారు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగేశాను.

"అయ్యా, ఆ మొదటి ఎన్నికలో, నెల్లూరులో, మీరు గూడా చెయ్యెత్తినారా?"

"ఎత్తినా."

"భయపడా?"

ఆయన వానలోకి చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నారు. "మిగతావోళ్ళు భయపడినారు. నేను భయపడలా. ఆయన మంచోడే. ఇష్టంగానే ఎత్తినా."

"మరి మూడు నెలలకి..."

"పాలెంలో నా పేరు చెప్పినప్పుడు గూడా ఇష్టంగానే ఉన్నింది మస్తానూ." ఆయన నావైపు తిరగలేదు. "ఒద్దనాల్సింది. ఒద్దని అనడానికి నోరు తెరిచినా. రాలేదు. ఆడ మొదలైంది నా పాపం. కానీ దానికి, నా చేతిలో మునిగి లేచిన పిల్లకాయలు ఎందుకు కట్టాల?"

వాన వెలిశాక సంచి చంకన పెట్టుకుని ఆటోల వైపు నడిచారు.

పోయిన ఏడు ఆయనకు ఒళ్ళు బాగా తగ్గింది. గొంతులో ఏదో వచ్చిందన్నారు. నెల్లూరులో పెద్దాసుపత్రికి రెండు సార్లు పోయి, మూడోసారి పోనన్నారు. ఆ రోజుల్లోనే ఒకసారి సంచి నిండా నోటు పుస్తకాలు తెచ్చారు. పదకొండేళ్ళలో ఆయన బాప్తీస్మం ఇచ్చినవాళ్ళు, పెళ్ళి చేసినవాళ్ళు, ఊరి పేరు, తండ్రి పేరుతో సహా. అవన్నీ టైపు చెయ్యడానికి మూడు వారాలు పట్టింది. చివర్లో, వాటన్నిటికీ ముందు పెట్టాల్సిన పేజీ ఇచ్చారు. అది చూసి నేను కీబోర్డు మీద చేతులు తీసేశాను.

"నెల్లూరులోని పెద్దయ్యగారికి" అని ఉంది. కింద మేము లేదు, "నేను" అని ఉంది.

"అయ్యా, ఇది..."

"రాసింది టైపు చెయ్."

ఎక్కువేం లేదు అందులో. నేను రాజీనామా చేయను. నా తర్వాత ఎవరినీ ఎన్నుకోవద్దని మా ఇద్దరు పాస్టర్ల చేత ప్రమాణం చేయించాను. నాతో ఇది ఆగిపోతుంది. దానికి బదులుగా ఈ పేర్లన్నీ సంఘం పెద్ద పుస్తకంలో రాయించండి, మళ్ళీ చేయించుకోమని ఎవరినీ అడగవద్దు.

తీసుకుపొమ్మని ఆయన అడగలేదు. నేనే తీసుకుపోతానన్నాను. నెల్లూరు ఇంటి వరండాలో నలుగురైదుగురు ఉన్నారు. ప్రింటరు తీగ చుట్టినవాడు ఇప్పుడు పొట్ట పెంచి, తెల్లచొక్కా వేసి, ఆ ఇంటి కార్యదర్శిలాగా ఉన్నాడు. "మళ్ళీ ఏం ఉత్తరం? ఈడ ఇచ్చి పో" అన్నాడు. పెద్దయ్య చేతికే ఇవ్వమన్నారని చెప్పి గడప దగ్గరే నిలబడ్డాను. అతను నా చేతిలోని కవరు పట్టుకున్నాడు, నేను వదల్లేదు. లోపల్నుంచి పెద్దాయన, "ఎవురది? రానీ" అనేదాకా ఇద్దరం అట్లాగే పట్టుకుని ఉన్నాం.

నెల్లూరు పెద్దయ్య మంచం మీద కూర్చుని, అద్దాలు పెట్టుకుని చదివారు. "రాజీనామా చేసినాడా?" అన్నారు.

"లేదయ్యా."

"చెయ్యడు." ఇంకోసారి చదివారు. తర్వాత పెద్ద పుస్తకం తెమ్మన్నారు.

కార్యదర్శి కదల్లేదు. "కమిటీలో పెట్టకుండా ఎట్టయ్యా? ఒప్పుకోరు."

"కమిటీ ఒప్పుకునేదాకా నేనుండను. తే."

నన్ను పేర్లు చదవమన్నారు. ఆయన రాశారు. రోజుకు రెండు గంటల చొప్పున మూడు రోజులు పోయాను. మూడో రోజు మేరమ్మ పేరు, మొగుడి పేరు చదివినప్పుడు పెన్ను ఎత్తి, "ఆ తొమ్మిదో లైను ఈ పిల్లకోసమేనా?" అని అడిగారు. తెలుసా ఆయనకి, అని నేను ఆశ్చర్యపోయాను. "తర్వాత తెలిసింది" అన్నారు, నేను అడక్కుండానే, రాసుకుంటూ.

పని అయిపోయిందని చెప్పడానికి పాలెం పోయాను. సముద్రం పెద్దయ్య చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గొంతు బాగా పోయింది.

"గుమాస్తా రాసినాడా, ఆయనే రాసినాడా?"

"ఆయనే రాసినారయ్యా. చెయ్యి వణకతాండాది. ఒక్కో పేరుకీ ఆగి ఆగి రాసినారు."

"హాస్టల్లో ఒకే గది మాది. నాలుగేళ్ళు. నాకు జరమొస్తే నా నోట్సు గూడా ఆయనే రాసేవోడు. దస్తూరీ ముత్యాలు పేర్చినట్టుండేది." కాసేపు అలల వైపు చూశారు. "అయితే ఇంక నాకేం పని మస్తానూ?"

ఆ తర్వాత నాలుగు నెలలు బతికారు. ఈలోపల మేరమ్మ అత్తగారు పాలెం వచ్చి, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోయిందని విన్నాను.

షట్టరు దించిన ఆ సాయంత్రం నేను పోయేసరికి శవపెట్టెని సరుగుడు తోట పక్క ఇసకలోకి తెచ్చారు. నెల్లూరు వాళ్ళ కారు రోడ్డు ఆగిపోయిన చోట ఆగింది. దాన్ని చూడగానే పాలెం మగవాళ్ళు పెట్టెకీ కారుకీ మధ్య వరసగా నిలబడ్డారు. కొందరి చేతుల్లో తెడ్లున్నాయి. మట్టి చెయ్యకముందే చర్చి తాళాలు అడగడానికి వచ్చారని ఎవరో పుట్టించారు. కారులోంచి పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని దించారు. ఇసకలో అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నారు. వరస దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన వెనక కార్యదర్శి, ఆయన ముందు తెడ్లు. గాలికి సరుగుడు తోట ఈలేస్తోంది.

మేరమ్మ ఆడవాళ్ళలోంచి లేచి వచ్చింది. వరసలో మొదట నిలబడ్డది ఆమె మొగుడే. అతని చేతిలోంచి తెడ్డు తీసుకుని ఇసకలో పడేసింది.

"నా పెళ్ళి పుస్తకంలో రాసింది ఆ చెయ్యే. తప్పుకోండి" అంది.

తప్పుకున్నారు. పెద్దాయన గుంత అంచు దాకా వచ్చారు. పాలెం పాస్టరు, రెండు మాటలు చెప్పండయ్యా అన్నాడు. అతని గొంతులో ఇష్టం లేదు, మర్యాద ఉంది. ఆయన చాలాసేపు కిందకి చూశారు. ప్రార్థన చేస్తారనుకున్నాం.

"మా ఇద్దరి తగువూ తీర్చేవోడి దగ్గరికి ఆయన ముందు పోయినాడు" అన్నారు. "ఆయన చెప్పేదే ముందు వింటారు."

తర్వాత వంగి గుప్పెడు ఇసక తీసుకున్నారు. పెట్టె దాకా చెయ్యి చేరేలోపలే వేళ్ళ సందుల్లోంచి అంతా జారిపోయింది. ఇద్దరు పట్టుకోబోతే వద్దని, మళ్ళీ వంగారు.